మూలకి రాని వెలుగు

“తుడవకమ్మా! అది మురికి కాదు!”

నడుమెత్తు అద్దం అవతల ముసలావిడ కేక పెట్టింది. పాత రంగుల బొమ్మలు బాగుచేసే అమ్మాయి చేతిలో దూదిపుల్ల ఆగిపోయింది.

ఆ మ్యూజియానికి జనం వచ్చేదే ఆ ఒక్క బొమ్మ కోసం. రాత్రిపూట ఓ గది, బల్ల మీద దీపం, పక్కన కుట్టుకుంటున్న ఆడమనిషి. వేసిన పెద్దాయన పోయి ఇరవై ఏళ్లు. రంగుల్లో ఆయన్ని మించినవాడు లేడని పేరు. సంతకం బదులు బొమ్మ వెనక బొటనవేలి ముద్ర వేసేవాడు.

బాగుచేసిన బొమ్మకి నాలుగింటికి జనం ముందు తెర తీయాలి. ఇప్పుడు పన్నెండు. ఒకసారి తుడిచిన రంగు మళ్లీ రాదు.

“ఇది పాత వార్నిష్ మామ్మా. ఏళ్లు గడిస్తే పచ్చబడుతుంది.”

“ఎలా తేల్చావ్?”

“మూలలో తుడిచి చూశాను. కింద చక్కటి నీలం వచ్చింది.”

“మూలకి దీపం వెలుగు రాదు కదే, పిచ్చిపిల్లా! మధ్యలో ఉన్నది వార్నిష్ కాదు, వెలుగు!”

ముసలావిడ రెండు చేతులూ అద్దానికి ఆనించి ముందుకు వంగింది.

“ఇంతకీ నువ్వెవరు మామ్మా?”

ఆవిడ నోరు తెరిచింది. చెప్పనిస్తేగా! గార్డు పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు.

“మళ్లీ వచ్చావా? వారం నుంచీ నా ప్రాణం తోడేస్తున్నావ్! ఇంకోసారి ఈ గడప తొక్కావో, పోలీసులకి పట్టిస్తా!”

ఆవిణ్ణి బయటికి లాక్కుపోయాడు. అమ్మాయి కాస్త తటపటాయించింది. గడియారం చూసింది. ఇంత చదువూ చదివి, దారినపోయే దానయ్యల మాట వింటుందా?

దూది తడిపింది. తుడిచింది.

మూడింటికి వెనక్కి జరిగి చూసింది.

దీపం ఉంది. వెలుగు లేదు. కుట్టుకునే మనిషి ముఖం నీలంగా, పీనుగులా ఉంది.

“అయ్యో, ఎంత పని చేశాను!”

బల్ల అంచున గోరంత పసుపు మిగిలింది. భూతద్దం పెట్టి చూసింది. కుంచె జాడే లేదు. బొటనవేలితో రుద్దిన రంగు. ముద్ర మధ్యలో ఏటవాలుగా పాత గాటు.

గబగబా బొమ్మ వెనక చూసింది. పెద్దాయన ముద్రలో గాటు లేదు.

గార్డు గుడ్డ పట్టుకుని వచ్చాడు.

“ఆ ముసల్ది ఇక జన్మలో రాదు మేడమ్, గట్టిగానే బెదిరించా. అద్దం నిండా చేతులు పెట్టి పాడుచేసింది, తుడిచేస్తా.”

“తుడవకు!”

అద్దం మీద ముసలావిడ వదిలివెళ్లిన బొటనవేలి ముద్రలో, ఏటవాలుగా, అదే గాటు.