సమానమైన వెలుగు

ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే లైటు పెట్టె కోసం ప్రసూన డిజైన్ చేసిన పలక, హిందీ మాట్లాడే ఊళ్లో వాళ్లుండే సెక్టర్ 6 క్వార్టరుకి కొరియర్లో వచ్చింది. అంచున బల్బులు, వెనకవైపు వెలుగును ముందుకి చిమ్మే సన్నని చుక్కలు. బల్బు దగ్గర పలచగా, దూరం పోయేకొద్దీ ఒత్తుగా. వెలుగు అంతటా ఒకేలా పరుచుకునేదాకా ఆ చుక్కల్ని సాఫ్ట్‌వేర్‌లో నెలలపాటు జరుపుతూనే ఉందామె.

"ఏటమ్మా, ఇదేనా నువ్వు సేసింది? నా ఫిల్మెట్టి సూడు," అన్నాడు నాన్న గణపతిరావు. పొద్దున్నే ఒక్కడే ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకుని వచ్చాడు.

పెట్టింది. కుడి ఊపిరితిత్తిలో, కిందివైపు, తెల్లగా ఒక మచ్చ.

"అక్కడ నీ సుక్కలు ఎక్కువైపోనాయేటో."

"అయ్యుంటాయి నాన్నా."

పలకదే తప్పయితే మచ్చ కదలకూడదు. ఆమె ఫిల్మును తలకిందులుగా తిప్పి పెట్టింది.

మచ్చ ఫిల్ముతో పాటే పైకి వెళ్లింది.

ప్రసూన చెయ్యి ఫిల్ము మీదే ఉండిపోయింది.

"హాఁ నాన్నా, చుక్కలే. ఠీక్ చేసేస్తాను," అంది.

గణపతిరావు ఫిల్ము తీసి జాగ్రత్తగా కవర్లో పెట్టుకున్నాడు.

"డాక్టరు కూడా ఇలాగే తిప్పి సూసాడమ్మా."