ఊరికే కూర్చునే లైను

ఆ లైను తీసేసింది మీరే. తప్పు మంచు మీదికి నెట్టకండి.

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో స్కూలు బస్సుల కోసం మీ కంపెనీ అమ్మే ప్రోగ్రాం అది. రోజూ ఉదయం, తెర మీద కనపడకుండా, వెనకాల థ్రెడ్ అనే విడి పనిలో, ఒక బ్రౌజర్ రోడ్ల పరిస్థితి చెప్పే పేజీ తెరుస్తుంది. ఏ రోడ్డయినా మూసి ఉంటే డ్రైవర్ల ఫోన్లకు కబురు వెళుతుంది. కబురు రాలేదంటే రోడ్డు బాగున్నట్టే.

జనవరిలో మీ ప్రోగ్రామర్ గారెట్ కోడు శుభ్రం చేశాడు.

"ఇది చూడు రెనే. బ్రౌజర్ కోసం వెనకాల వేరే థ్రెడ్ పెట్టారు, సరే. దాని చివర ఊరికే కూర్చుని వినమని ఒక లైను. ఏం వింటుందట, పాటలా?"

"తీసేస్తే నడుస్తోందా?" అంది మేనేజరు రెనే.

"నా మెషీన్లో నడుస్తోంది."

నడవదా మరి? వాడు చూసింది బ్రౌజర్‌ను తెర మీద ఎదురుగా పెట్టుకుని. అలా తెరిచి ఉన్నంతసేపూ వినే పని ఆ కిటికీయే చేస్తుంది.

సోమవారం ఒక బస్సు డ్రైవరు ఫోన్ చేసింది. పేరు వెర్లా.

"పద్నాలుగో నంబరు రోడ్డు మూశారు. మీ కబురు రాలేదు."

"నా దగ్గర వస్తోంది మేడమ్. మీ ఫోన్ ఒకసారి ఆపి మళ్ళీ వేయండి," అన్నాడు గారెట్.

మంగళవారం మళ్ళీ చేసింది.

"నా ఫోన్ కాదు అబ్బాయ్. పేజీ వచ్చేలోపే మీ థ్రెడ్ అయిపోతోంది. అది కూర్చుని వినకపోతే, పేజీ వచ్చిందని బ్రౌజర్ ఎవరితో చెప్పుకోవాలి?"

గారెట్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "బస్సు తోలే ఆవిడ నాకు థ్రెడ్ల పాఠం చెబుతోంది."

"రేపు నువ్వెళ్ళి బస్సు తోలిరా," అంది రెనే.

ఇద్దరూ నవ్వారు.

"వినే లైను ఏదన్నా తీశారేమో చూడు నాయనా. ఏటి వంతెన మీద పొద్దున్నే మూడు బస్సులు పోతాయి," అంది వెర్లా.

"రాసుకున్నాను మేడమ్."

రాసుకోలేదు.

బుధవారం ఫోన్ రాలేదు. "విసిగిపోయింది," అన్నాడు గారెట్ డోనట్ కొరుకుతూ.

ఆమె విసిగిపోలేదు. మిమ్మల్ని నమ్మడం మానేసింది. ఆ పొద్దున తన ట్రిప్పుకు గంట ముందే పాత పికప్‌లో దారి చూడ్డానికి వెళ్ళింది. వంతెన గాజు పలకలా ఉంది. మూసినట్టు పేజీలో ఉంది, అడ్డం పెట్టే బండి ఇంకా రాలేదు. ఎవరి ఫోనూ మోగలేదు.

పికప్‌ను వంతెన మీద అడ్డంగా పెట్టి దీపాలు వెలిగించింది.

ఇవతల మూడు బస్సులూ ఆగాయి. అవతలి నుంచి వచ్చిన దుంగల లారీ ఆగలేకపోయింది.

పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. వెర్లా బతకలేదు.

గురువారం గారెట్ పాత కోడు తవ్వాడు. ఆ లైను పక్కన, ఎప్పుడో ఎవరో చెరిపేసిన నోటు దొరికింది: "ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది. తీయకండి. బస్సుల్లో పిల్లలుంటారు."

ఈరోజే ఆ లైను తిరిగి పెట్టండి, నోటు పెట్టండి, దాని కింద ఉన్న పేరు ఈసారి చెరపకండి: వెర్లా టోస్‌ట్రడ్, పదమూడేళ్ళ క్రితం ఈ ప్రోగ్రాం మొదట రాసి, ఊరికే కూర్చుంటోందని మీరు ఇంటికి పంపేసిన మనిషి.