తగ్గింపు

ట్రాయ్‌లోని తెలుగు చర్చి పార్కింగ్‌లో కారు ఆగగానే పర్సిస్ ముక్కుకున్న ఆక్సిజన్ ట్యూబు తీసేసింది.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు భర్త లెవి.

"కూర్చుంటే ఆక్సిజన్ తొంభై నాలుగు ఉంటోంది కదండీ. దీంతో స్టేజీ ఎక్కితే పాట ఎవరూ వినరు, ట్యూబే చూస్తారు."

అతను ఆమె వేలికి ఆక్సిమీటర్ తగిలించాడు. "సరే, కొంచెం పాడు."

నవ్వుతూనే రెండు చరణాలు పాడింది. అంకె ఎనభై ఆరుకి దిగింది.

"చూశావా? పల్మనరీ హైపర్‌టెన్షన్‌లో ఆక్సిజన్ పడిపోతే ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయి, గుండెకి భారం అని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పింది?"

"ఆఖరి చరణం ఎలాగూ మీరే పాడండని సంఘానికే వదిలేస్తాగా."

"అవునవును. పర్సిస్ అక్కది ఎంత తగ్గింపు మనసో, కాస్త కూడా గర్వం లేదు అని అందరూ ఒకటే మెచ్చుకోవడం."

పర్సిస్ అంకె వంక చూస్తూ ఉండిపోయింది. ఆ మెప్పు వినీ వినీ తనూ నమ్మేసింది.

"మనసు కాదండీ," అంది మెల్లగా. "తగ్గుతున్నది ఊపిరి. ఏడాదిగా ఆఖరి చరణం దాకా అందట్లేదు."

లెవి ఆమె వేలి నుంచి ఆక్సిమీటర్ తీశాడు.

ఆమె ట్యూబు తిరిగి పెట్టుకుని, సిలిండర్ సంచి భుజాన వేసుకుంది.

"పదండి. ఇవాళ మొత్తం నేనే పాడతాను. సంఘం కూర్చుని వింటే చాలు."