పడని వేలిముద్ర

కువైట్ ఎయిర్‌పోర్టులో నా వేలిముద్ర పడలేదు. మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది.

పద్దెనిమిదేండ్లు మార్కాపురంలో రాతిపలకలు అరగదీసిన చేతులు నావి. పలకలతోపాటు వేళ్ల మీది గీతలు కూడా అరిగిపోయినాయి.

కౌంటర్లో ఉన్నాయన గట్టిగా ఏదో అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ పెట్టినాను. మళ్లీ ఎర్రలైటే. ఆయన ఫోన్ తీసి ఎవరినో పిలుస్తా ఉన్నాడు.

"ఏందక్కా, మన రేషన్ దుకాణం కాడ చేసేదే కదా! వేలు తలకు రుద్ది పెట్టు. నూనె తగిలితే పడతాది," అనింది వెనక నుంచి కాశమ్మ. కొమరోలు ఊరామె. నా మాదిరే ఇండ్లల్లో పనికి వచ్చింది. విమానంలో నా పక్క సీటు.

రుద్ది పెట్టినాను. ఎర్రలైటే.

"తల ఇట్ల ఎండిపోయిందేంది నీది?" అని కాశమ్మ నా చెయ్యి గుంజుకుని, నూనె కారే తన జడకు నాలుగుసార్లు రుద్ది, మిషన్ మీద అదిమింది.

పచ్చలైటు.

కౌంటరాయన ఫోన్ పెట్టేసి, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, అద్దాల తలుపు దిక్కు చెయ్యి చూపించినాడు. దాని అవతల నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నాడు.

"చూసినావా! నేను లేకపోతే నిన్ను తిరుగు విమానం ఎక్కించేవాళ్లు," అని నవ్వింది కాశమ్మ.

ఆమెకు ఎట్ల చెప్పేది? కువైట్‌కు పోనని ఇంట్లో చెప్పే ధైర్యం లేక, ఆ తిరుగు విమానం కోసమే పదిరోజులుగా తలకు నూనెచుక్క అంటనీలేదు నేను.