పేరు లేని దవడ

"మీ పేరు కంప్యూటర్లో లేదు పెద్దాయనా," అంది అంపోమా, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

కిటికీ అవతలి ముసలాయన మెడ నుంచి ముక్కు దాకా చారల కండువా చుట్టుకున్నాడు. మాట అందులోంచి ముద్దముద్దగా వస్తోంది.

"ఇంకోసారి చూడమ్మా. న్యార్కో. తొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే స్కాన్ తీశారు."

"రెండుసార్లు చూశాను, లేదు. కొత్తది తీయించుకోండి."

"కొత్తదాంట్లో చూడ్డానికేం లేదమ్మా. మధ్యాహ్నంలోగా పాతది అందకపోతే మామూలు కమ్మీతో కానిచ్చేస్తామన్నాడు మా టమాలే ఊరి డాక్టరు."

ఆ మాట అంపోమాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. ఆయన ఇచ్చిన చీటీని మడత విప్పకుండానే బల్ల మీది ప్లాస్టిక్ దవడ కింద దూర్చింది. కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఆమె వాడుకునే బరువు అదే.

"కూర్చోండి, చూద్దాం."

మాటవరసకి అంది. ఆయన నిజంగానే లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

కుమాసి పట్నంలోని ఆ ఆసుపత్రిలో అంపోమా పని దవడలతో. గడ్డలు తినేసిన దవడలకు కంప్యూటర్లో కొత్తవి తయారు చేస్తుంది. ఆ బొమ్మ ఫైలులో ఆకారం తప్ప ఏమీ ఉండదు. ఎవరిదో ఉండదు, ఏది కుడో ఏది ఎడమో ఉండదు. ఆపరేషన్ గదిలోని యంత్రం దాన్ని ముట్టుకోదు. స్కాన్‌లా, కుడి ఎడమలు కూడా రాసుండే డైకామ్ రూపంలోకి మార్చి ఇవ్వాలి. అందులో పేరు గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. పాత నమూనాలను మార్చినప్పుడు అంపోమా ఆ గడిలో "పేరు లేదు" అని కొట్టేసి పని కానిచ్చింది. ఎముక కావాలి గాని ఊరూ పేరూ ఎందుకు అనుకుంది.

రేపు పొద్దున్నే ఫోసువాకు ఆపరేషన్. బస్టాండు దగ్గర కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్ముకునే ఇరవై ఆరేళ్ళ పిల్ల. కుడి దవడ మీద బొప్పాయంత గడ్డ. అసలు ఆకారం ఎలా ఉండేదో కూడా మిగల్లేదు. అందుకని ల్యాబులోని మొదటి నమూనా దవడను ఆమె కొలతకు సరిచేసి ఇస్తోంది అంపోమా. ఇంతకు ముందు ఇరవై ఇద్దరికి ఆ నమూనాతోనే ముఖాలు నిలబెట్టారు. రెండింటికల్లా ఫైలు వెళ్తే, దాన్ని బట్టి టైటానియం పట్టీ వంచుతారు.

పన్నెండున్నరకు తెర మీద దవడ గిర్రున తిరిగింది.

"ఆ వంకర పన్ను ఎడమవైపు ఉండాలి కదమ్మా?"

అంపోమా ఉలిక్కిపడింది. ముసలాయన ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"మీరు డాక్టరా?"

"లారీ తోలేవాణ్ణి."

"అయితే లారీ సంగతి చూసుకోండి. పళ్ళ సంగతి నేను చూసుకుంటా."

"నువ్వు కుడివైపు పెట్టావు. అది ఎడమవైపుది. లోపలికి వాలి ఉంటుంది, మాట్లాడితే నాలుక్కి తగులుతుంది."

"బొమ్మకి నాలుకెక్కడిది తాతా?" పక్క బల్ల దగ్గర బ్రెంపోంగ్ కిసుక్కున నవ్వాడు. "ఎండలో లారీ తోలీ తోలీ బుర్ర వేడెక్కింది పాపం."

ముసలాయన నవ్వలేదు.

"ఎవరికి పెడుతున్నారో వాళ్ళ కోసం చెబుతున్నా. ఒక్కసారి సరిచూడమ్మా."

"గార్డును పిలవమంటారా?"

పిలవనక్కర్లేకపోయింది. ఆయన కండువా సర్దుకుని మెల్లగా బయటికి నడిచాడు.

ఒంటిగంటన్నరకు ఫైలు పంపబోతూ అంపోమా ఆగింది. ఆ ముద్దమాట చెవిలో నసపెడుతోంది. విసుక్కుంటూనే బల్ల మీది ప్లాస్టిక్ దవడను తీసింది. అది ఆ నమూనా తొలి అచ్చు. తన దవడ పక్కన పెట్టుకుని వేలితో తడిమింది.

వంకర పన్ను ఎడమవైపు ఉంది.

ఆమె ఫైలు మార్పిడి గడులు తెరిచి చూసింది.

బొమ్మ లెక్కలో కుడి, డైకామ్ లెక్కలో ఎడమ. మార్చేటప్పుడు ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఈసారి పెట్టలేదు. దవడంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది.

"బ్రెంపోంగ్, రేపు ఆ పిల్ల దవడ కోసి తెరిచాక పట్టీ అతికేది కాదు."

"తెరిచిన దవడ పెట్టుకుని ఎక్కడికి పోతారు?" అన్నాడు బ్రెంపోంగ్ గొణుగుతున్నట్టు.

అంపోమా ఆ టిక్కు పెట్టి మళ్ళీ మార్చింది. ముగ్గురి చేత సరిచూపించింది. రెండింటికి ఐదు నిమిషాలుండగా ఫైలు వెళ్ళింది.

అప్పుడు పరుగెత్తింది గేటు దాకా.

"కండువా పెద్దాయనా?" అన్నాడు గార్డు. "టమాలే బస్సు ఎక్కేశాడు మేడమ్. గంట దాటింది. ఇక్కడ నా పేరు లేదంట, మనకు ప్రాప్తం లేదులే అన్నాడు."

"కోపంగా వెళ్ళాడా?"

"లేదు. లోపల ఎవరికో దవడ పెడుతున్నారు, వాళ్ళదైనా బాగుంటే చాలన్నాడు."

అంపోమాకు సిగ్గేసింది. ఆ మనిషికి థాంక్స్ కూడా చెప్పలేదు. కనీసం అడ్రసన్నా దొరుకుతుందని వెనక్కి వచ్చి చీటీ మడత విప్పింది.

"ఏం రాశారు?" అన్నాడు బ్రెంపోంగ్.

ఆమె చీటీని అతని ముందుకు జరిపింది.

"కాన్సర్ వల్ల న్యార్కో గారి కింది దవడ పూర్తిగా తీసేశాం, మీరు తొమ్మిదేళ్ళుగా అందరికీ వాడుతున్న మొదటి నమూనా అప్పట్లో ఈయనిచ్చిన దవడ స్కాన్ నుంచి చేసిందే కాబట్టి, దాన్ని ఒక్కసారి ఈయన కోసం ఇప్పించగలరు" అని ఉంది అందులో.