ఒక్క పాఠం

గుమ్మంలో ఎవరో దగ్గారు.

పంతులమ్మ చటుక్కున ట్యాబ్ ఆపేసింది.

"అయ్యో, అక్క చెబుతోంది టీచర్!" పిల్లలు గోల పెట్టారు.

ట్యాబ్‌లో పాఠాలు చెప్పే గొంతుకు వాళ్లు పెట్టుకున్న పేరది. బడికి లెక్కల మాస్టారు లేకపోయినా, ఆ గొంతు పుణ్యమా అని భిన్నాలు కూడా వాళ్లకు మంచినీళ్ల ప్రాయమయ్యాయి.

గుమ్మంలో ఉన్నావిడ మెడకు కండువా చుట్టుకుంది.

"ఎవరు కావాలమ్మా?"

"ఎవరూ వద్దు. వెనక కూర్చుని ఒక్క పాఠం వినిపోతాను." రంపంతో కోసినట్టుంది గొంతు.

"ఎక్కణ్ణుంచి వచ్చారు?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. కళ్లు మాత్రం ట్యాబ్ మీదే ఉన్నాయి.

అదుగో, అక్కడే పంతులమ్మకు అనుమానం తగిలింది. పోయిన వారమే పక్కూరి బడిలో ఎవరో పాఠం చూస్తామని వచ్చి ట్యాబులన్నీ ఊడ్చుకుపోయారు. ఇక్కడ ఉన్నదే ఒక్కటి. అదీ పోతే పిల్లల గతేం కాను? ఏ పుట్టలో ఏ పాముందో!

"ఏమనుకోకండమ్మా, కొత్తవాళ్లను కూర్చోబెట్టలేను."

"ఒక్కటే తల్లీ. చిన్నదైనా సరే."

"వద్దండీ. మీకు బస్సు కూడా తప్పిపోతుంది."

ఆవిడ మరి బతిమాలలేదు. కిటికీ పక్కన కాసేపు నిలబడింది. ట్యాబ్ మోగితేగా! పంతులమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేసింది. బస్సు రాగానే ఆవిడ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం విద్యాశాఖ ఆఫీసరు వచ్చారు.

"పొద్దున ఒకావిడ వచ్చిందా అమ్మా? మెడకు కండువా..."

"వచ్చింది సార్. గుమ్మంలోంచే పంపించేశాను. నా దగ్గరా ఆ పప్పులు ఉడికేది!"

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డారు.

"ఎంత పని చేశావమ్మా! రేపు ఆవిడకు గొంతు ఆపరేషను. బతికి బయటపడితే అదే పదివేలంటున్నారు. నాతో రమ్మంటే హడావుడి వద్దంది. తనెవరో పిల్లలకు చెప్పొద్దంది. ఇప్పటి గొంతు వింటే జడుసుకుంటారట."

"ఎవరు సార్ ఆవిడ?"

ఆయన ట్యాబ్ తెప్పించి పాఠం పెట్టారు.

"రెండు అరలు కలిపితే ఎంత? చెప్పండి బంగారాలూ!" అని అడిగి అక్క ఆగింది.

"ఒకటి!" పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు.

"భేష్!" అంది అక్క.

"నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చుని ఈ పాఠాలు రికార్డు చేస్తూ, అడిగిన ప్రతిసారీ పిల్లల కోసం అలా ఆగేదమ్మా ఆవిడ," అన్నారు ఆఫీసరు. "వాళ్లు చెప్పే జవాబు ఒక్కసారి చెవులారా విని పోదామని వచ్చింది."