సగంలో ఆగిన పరుగు

"పరుగు సగంలో ఆపితే సున్నా వేస్తానని ముందే చెప్పానండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు, బడికి పిలిపించిన తండ్రితో. "మీ అమ్మాయి స్నేహితురాలి పక్కన చతికిలబడింది."

"ఏమే?" తండ్రి కూతురిని గద్దించాడు.

"దానికి ఆయాసం వచ్చింది నాన్నా. ఆయాసమొస్తే ఆగమని ఆరోగ్యం క్లాసులో మాస్టారేగా చెప్పారు!"

"ఉత్త నాటకం. నా విజిల్ వినపడితే చాలు, ఆ పిల్లకు ఆయాసం వచ్చేస్తుంది."

"కాసేపు కూర్చుంటే అదే తగ్గుతుంది. దానికింత రాద్ధాంతమా?" కసిరాడు తండ్రి.

కూతురు తల దించుకుంది. "అమ్మ పోయిన రోజు, తను ఆయాసంతో మెట్ల మీద కూలబడితే, నువ్వు ఇదే మాటన్నావు."



మాస్టారు ఇబ్బందిగా కదిలాడు. "సర్లెండి, ఈసారికి మార్కులు వేస్తాను."

"మార్కులు మీరే ఉంచుకోండి," అన్నాడు తండ్రి, లేస్తూ. "ఆ పిల్ల ఎక్కడుంది?"